పదిహేడేళ్ల తమ్ముణ్ని పంతొమ్మిదేళ్లని రాసి సబ్ జైలుకు పంపారు, ఇప్పుడేం చేయాలి?

దిగులక్క
నాలుగు రోజుల నుంచి మా ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. మా తమ్ముడు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సంక్రాంతి అయిన మర్నాడు రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "ఎస్సై గారు మాట్లాడాలంటున్నారు, పది నిమిషాల్లో పంపించేస్తాం" అని తీసుకెళ్లారు. ఆ పది నిమిషాలు ఇంకా అవ్వలేదు.

కేసు ఏంటంటే మూడు బైకుల దొంగతనం. మా వీధి చివర ఉండే 21 ఏళ్ల కుర్రాడు, మా వాడు, ఇంకో పదహారేళ్ల పిల్లాడు. తాళాలు తెరిచింది పెద్దవాడేనట. మావాడు బండి నడిపాడు, దాని మీద కూర్చుని రీల్ కూడా పెట్టాడు, ఆ రీల్‌తోనే దొరికారు. వాడు ఏ తప్పూ చేయలేదని నేను అనను. మొదటి బండి దొంగదని తెలియదంటున్నాడు, రెండోది తెలుసు అని వాడే ఒప్పుకున్నాడు.

నా బాధ వయసు గురించి. టెన్త్ మెమోలో 14-08-2008 ఉంది. అంటే 17 ఏళ్ల 5 నెలలు. ఆధార్‌లో మాత్రం 01-01-2007. చిన్నప్పుడు ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు నాన్న దగ్గర కాగితాలేవీ లేవు, ఆపరేటర్ ఏదో ఒక సంవత్సరం కొట్టేశాడు, తర్వాత మేమూ మార్పించలేదు. స్టేషన్‌లో వాడి ఫోన్లో ఉన్న ఆధార్ చూసి 19 అని రాశారు. మెమో ఇంట్లో ఉంది తెస్తానని బతిమాలితే "అదంతా కోర్టులో చెప్పుకో అమ్మా" అన్నారు. మర్నాడు మధ్యాహ్నం మెజిస్ట్రేట్ దగ్గర పెట్టారు, 14 రోజుల రిమాండ్, సబ్ జైలు. ఆ పదహారేళ్ల పిల్లాణ్నేమో జువైనల్ హోమ్‌కి పంపారు.

కోర్టు గేటు దగ్గర ఒక లాయరు నలభై వేలు అడుగుతున్నాడు. "వయసు గొడవ ఎత్తితే లేటవుతుంది, పెద్దవాడి కిందే బెయిల్ తెస్తా, వారంలో బయటుంటాడు" అంటున్నాడు. ఫిబ్రవరి మొదట్లో ప్రాక్టికల్స్. ఏం చేయాలో తోచట్లేదు. పైగా వాడి ఫోటో [తొలగించాం] కాలేజీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

మోడరేటర్
పై పోస్టులో కాలేజీ పేరు, ఊరు పేరు తీసేశాను. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం, ఆరు నెలల జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. రీల్ లింకు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టొద్దు.

నల్లకోటు_రావు
ఆ నలభై వేల ఆయన మాట వినకండి. వయసు గొడవే మీ కేసు. దాన్ని వదిలేసి పెద్దవాడి కింద బెయిల్ తెచ్చుకుంటే మీవాడు బయటికి వస్తాడు గానీ కేసు మామూలు కోర్టులోనే ఉండిపోతుంది, వాయిదాలు ఏళ్ల తరబడి తిరగాలి, శిక్ష పడితే ఆ మచ్చ ఉండిపోతుంది. అదే పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డుకు వెళ్తే లెక్క వేరు.

చట్టం చాలా స్పష్టంగా ఉంది. సెక్షన్ 94 ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూడాల్సింది స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఈ వరుసలో ఆధార్ ఎక్కడా లేదు. 2024 అక్టోబర్లో సుప్రీంకోర్టు కూడా ఒక యాక్సిడెంట్ పరిహారం కేసులో పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదనే చెప్పింది.

నేరం జరిగిన రోజుకు 18 నిండకపోతే చాలు, కేసు ఎక్కడిదాకా వెళ్లినా ఈ మాట ఎత్తొచ్చు, తీర్పు అయిపోయాక కూడా. సెక్షన్ 9. రేపు పొద్దున్నే రిమాండ్ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయించండి. డబ్బుల్లేవని ఆగొద్దు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి.

జనవరి_ఒకటి_సంఘం
మా ఇంట్లో నాన్న, పెద్దమ్మ, నేను, మా పాలేరు అందరం ఆధార్ ప్రకారం జనవరి ఒకటినే పుట్టాం. కేక్ ఖర్చు మిగిలింది గానీ ఇలాంటి ప్రమాదం ఉందని ఇప్పుడే తెలిసింది.

దిగులక్క
రావు గారూ, ఒరిజినల్ మెమో కాలేజీలో అడ్మిషన్ అప్పుడే తీసుకున్నారు. ఇంట్లో ఉన్నది ఆన్‌లైన్ నుంచి తీసిన షార్ట్ మెమో. కాలేజీకి వెళ్తే "ముందు ఫీజు బకాయి కట్టండి, అసలు వాణ్ని ఉంచుకోవాలా వద్దా అని మేనేజ్‌మెంట్ ఆలోచిస్తోంది" అన్నారు.

పల్సర్_పోయినోడు
అందరూ తమ్ముడు, పిల్లాడు అని తెగ జాలి పడుతున్నారు, కాస్త నా సంగతి కూడా వినండి. పోయిన దీపావళికి నా పల్సర్ పోయింది. నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. బండి లేకపోతే ఆ రోజు తిండి లేనట్టే. ఇంకా 11 ఈఎంఐలు ఉన్నాయి, బండి లేకుండా మూడు కట్టాను. దొరికినవాళ్లలో ఇద్దరు మైనర్లు. వాళ్లు మూడో రోజుకల్లా ఇంటికొచ్చి మా వీధిలోనే క్రికెట్ ఆడుతున్నారు. పదిహేడేళ్లవాడికి తాళం విరగ్గొట్టడం తెలుసు, రీల్ పెట్టడం తెలుసు, తప్పని మాత్రం తెలియదా? ఈ చట్టం దొంగలకి గొడుగు.

గోదారి_గట్టు
ఆ అక్క తమ్ముడు తప్పు చేయలేదని ఎక్కడా అనలేదు కదా బ్రదర్. పోస్టు మళ్లీ చదవండి. రెండో బండి తెలుసని వాడే ఒప్పుకున్నాడని రాశారు. ఎంతమంది రాస్తారు అలా.

పల్సర్_పోయినోడు
ఒప్పుకుంటే ఈఎంఐ కడతాడా?

ఇంటర్_లెక్చరర్
మెమో గురించి. కాలేజీ చుట్టూ తిరగొద్దు, టైం వేస్ట్. టెన్త్ చదివిన స్కూలుకు వెళ్లి హెడ్మాస్టర్‌ని పుట్టినతేదీ సర్టిఫికెట్ అడగండి, అడ్మిషన్ రిజిస్టర్లో వాడి పేరున్న పేజీ జిరాక్స్ తీయించి సంతకం, సీలు వేయించండి. సర్కారీ బడి అయితే గంటలో పని. రిజిస్టర్ కోర్టుకు తెమ్మన్నా హెడ్మాస్టర్ తెస్తారు, మా నాన్న హెచ్చెమ్‌గా ఉన్నప్పుడు రెండుసార్లు వెళ్లారు. ఒకసారి బస్సులో సీటు దొరక్క ఆ రిజిస్టర్ నెత్తిన పెట్టుకుని వెళ్లానని ఇప్పటికీ చెప్తారు.

ఇక కాలేజీ "ఉంచుకోవాలా వద్దా" అనడం. కేసు తేలకముందే టీసీ చేతికిస్తే ఊరుకోకండి, ఇంటర్ బోర్డుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. హాల్‌టికెట్ ఆపితే కూడా. ప్రాక్టికల్స్ తేదీకి లోపల ఉంటే ఆ విషయం పిటిషన్లో రాయించండి, కోర్టులు పరీక్ష విషయంలో మామూలుగా సానుకూలంగానే ఉంటాయి.

రిటైర్డ్_హెచ్‌సీ
28 ఏళ్లు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేశాను కాబట్టి రెండో వైపు చెప్తాను, తిట్టుకోవద్దు. ఎంట్రీ కొట్టేవాడు చేతికి ఏ కాగితం దొరికితే అదే కొడతాడు. ఇప్పుడు ప్రతివాడి ఫోన్లో ఆధార్ ఉంటుంది, మెమో ఉండదు. పైగా మైనర్ అని రాస్తే పని రెట్టింపు. మేం యూనిఫాం వేసుకోకూడదు, బేడీలు వేయకూడదు, లాకప్‌లో పెట్టకూడదు, వేరే గదిలో కూర్చోబెట్టాలి, అమ్మానాన్నలకు చెప్పాలి, ప్రొబేషన్ ఆఫీసర్‌కు చెప్పాలి, 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. మా స్టేషన్లో వేరే గది అంటే సీజ్ చేసిన సారా క్యాన్లు పెట్టే గదే. పిల్లాడు దొరికితే రైటర్ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించేవాళ్లం, అదే మా చైల్డ్ ఫ్రెండ్లీ కార్నర్.

కానీ ఈ కేసులో తప్పు తప్పే. ఇంట్లోవాళ్లు మెమో ఉందని చెప్తుంటే ఒక గంట ఆగి చూడాల్సింది. ముఖం చూస్తే తెలియదా.

నల్లకోటు_రావు
పెద్దాయన నిజం చెప్పారు. ఒక్కటి కలుపుతాను. ఇది పెద్దవాళ్ల విషయంలో కూడా ఏడేళ్ల లోపు శిక్ష ఉండే కేసు. మామూలు దొంగతనం, ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ 303 కింద మూడేళ్ల వరకు. నోటీసు ఇచ్చి పంపొచ్చు, అరెస్టు తప్పనిసరి కాదు.

పల్సర్ తమ్ముడూ, మీ కోపం న్యాయమే. కానీ "మూడో రోజుకల్లా ఇంటికొచ్చారు" అంటే కేసు కొట్టేసినట్టు కాదు. పిల్లలకు బెయిల్ అనేది రూలు, ఆపడమే మినహాయింపు. బయటికొస్తే పాత నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో బోర్డు కారణం రాస్తేనే ఆపాలి.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ టెక్సాస్‌లో 17 నిండితే పోలీసు కేసుల్లో పెద్దవాడి కిందే లెక్క. మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ల అబ్బాయి, హైస్కూల్ సీనియర్, పార్టీలో ఏదో గొడవైతే కౌంటీ జైల్లో రెండు రాత్రులు ఉన్నాడు. వాళ్లమ్మ "ఇండియాలో అయితే పిల్లాడే కదండీ" అని ఏడ్చింది. ఇండియాలో ఉన్నవాళ్లకేమో ఆధార్ అడ్డమొచ్చింది.

పల్సర్_పోయినోడు
టెక్సాస్ చట్టం ఇక్కడ పెట్టమనండి, మొదట నేనే సంతకం పెడతా. నిర్భయ కేసులో మైనర్ ఏమయ్యాడు? మూడేళ్లు హోమ్‌లో ఉండి 2015 డిసెంబర్లో బయటికొచ్చేశాడు. పుణెలో పోర్షే కారుతో ఇద్దరు ఇంజినీర్లను గుద్ది చంపినవాడికి 300 మాటల వ్యాసం రాయమన్నారు. నేను డెలివరీ లేటైతే నాకు పడే పెనాల్టీ అంతకంటే గట్టిగా ఉంటుంది.

గోదారి_గట్టు
మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ మీకే ఎదురు తిరుగుతాయి. నిర్భయ తర్వాతే కదా 2015 చట్టం వచ్చింది, 16 నుంచి 18 లోపు వాళ్లు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలా విచారించొచ్చు అని. అది 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. మన జూబ్లీహిల్స్ గ్యాంగ్‌రేప్ కేసులో 2022లో బోర్డు నలుగురిని అలాగే విచారించమంది.

పుణె సంగతి వేరు. అక్కడ కోపం మైనర్ చట్టం మీద కాదు, డబ్బు మీద. ఆ రాత్రి ఆ పిల్లాడికి వ్యాసం, ఈ అక్క తమ్ముడికి సబ్ జైలు. చట్టం ఒకటే పుస్తకం. ఆధార్‌లో తప్పు పడితే సరిచేయించుకునే తీరిక, అడిగే ధైర్యం ఉన్నవాడికి ఒక పేజీ, లేనివాడికి ఇంకో పేజీ.

నల్లకోటు_రావు
చిన్న సవరణ. ఘోరమైన నేరం అంటే కనీస శిక్ష ఏడేళ్లు అంతకు మించి ఉన్నవి మాత్రమే. బైక్ దొంగతనానికి ఆ ప్రశ్నే రాదు. ఆ నేరాల్లో కూడా బోర్డు పిల్లాడి మానసిక స్థితి, పర్యవసానం తెలుసా లేదా, ఏ పరిస్థితిలో చేశాడు అన్నీ చూడాలి. పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు బోర్డులో లేకపోతే బయటి నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పుణె కేసులో కూడా పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల మాటను బోర్డు 2025 జులైలో ఒప్పుకోలేదు.

దిగులక్క
మీరు వాదించుకోండి గానీ నాకు జవాబులు కూడా ఇస్తున్నారు, అది చాలు. స్కూల్‌కి వెళ్లొచ్చాను. రిజిస్టర్లో 14-08-2008 అని నాన్న చేతిరాతే ఉంది, కింద వేలిముద్ర కాదు, సంతకం. నాన్న పోయి నాలుగేళ్లు. ఆ పేజీ చూసి హెచ్చెమ్ గారి గదిలోనే ఏడ్చేశాను. ఆయన నీళ్లిచ్చి సీలు వేసిచ్చారు.

లీగల్ ఎయిడ్ వాళ్లు ఒక మేడమ్‌ని ఇచ్చారు. రేపు పిటిషన్. ఇవాళ ములాఖత్‌కి అమ్మ వెళ్లింది. వాడు మాట్లాడింది ఒక్కటే, "అక్కని రికార్డు బుక్ కొనిపెట్టమను, ఫిజిక్స్‌ది" అన్నాడట. పక్కనున్న ఒకతను అమ్మతో "వీణ్ని మేం చూసుకుంటాం లెండి" అన్నాడట. అది విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు.

పాత_పక్షి
ఇక్కడ ఆరేళ్ల నుంచి ఏసీ రిపేరు సందేహాలకు జవాబులు చెప్తున్నా, ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు. ఆ ఆఖరి మాట చదివి రాస్తున్నా.

నాకు 15 ఏళ్లప్పుడు సెల్‌ఫోన్ దొంగతనం కేసు. మూడు ఫోన్లు. హోమ్‌లో 53 రోజులున్నా. కొట్టారా అంటే బయట మా నాన్న కొట్టినంత కొట్టలేదు. అన్నం? పప్పు నీళ్లలా ఉండేది, ఆదివారం గుడ్డు. ఇవి కాదు గుర్తుండేవి. సాయంత్రం ఆరింటికి తలుపులేశాక పొద్దున్న ఆరుదాకా చేయడానికి ఏమీ ఉండదు. ఆ పన్నెండు గంటల్లో నా పక్క పరుపువాడు స్టీరింగ్ లాక్ ఎలా తీయాలో బొగ్గుతో గోడ మీద బొమ్మేసి చూపించాడు. నేను లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్ దొంగని, బయటికొచ్చేటప్పుడు నాకు బైకులు కూడా వచ్చు.

నన్ను ఆపింది హోమ్ కాదు. మా ప్రొబేషన్ ఆఫీసర్ ఒకాయన, లూనా మీద వచ్చేవాడు. నెలకోసారి ఇంటికొచ్చి తిట్టేవాడు కాదు, కూర్చుని టీ తాగి "ఏం చేస్తున్నావురా" అని అడిగేవాడంతే. ఖాళీగా ఉన్నానని చెప్పలేక ఒక ఏసీ షాపులో చేరా.

అక్కా, "చూసుకుంటాం" అన్నవాడు మంచివాడై ఉండొచ్చు, కాకపోవచ్చు. పిటిషన్ మాత్రం ఒక్క రోజు కూడా ఆపొద్దు.

గోదారి_గట్టు
అన్నా, పోయిన వేసవిలో మా ఏసీ గ్యాస్ లీక్ కనిపెట్టింది మీరే కదా. దండం.

పల్సర్_పోయినోడు
పాత పక్షి అన్నా, ఒకటి అడుగుతా కోపం వద్దు. ఆ మూడు ఫోన్లవాళ్లకి ఎప్పుడైనా డబ్బులిచ్చారా?

పాత_పక్షి
ఒకాయనకి ఇచ్చా. మా వీధిలోనే ఉండేవాడు కాబట్టి తెలుసు. మిగతా ఇద్దరెవరో నాకు తెలియదు. మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, కోపం లేదు.

బోర్డులో_ఒకామె
నేను ఒక జిల్లా బోర్డులో సోషల్ వర్కర్ సభ్యురాలిని, అంతకంటే వివరాలు చెప్పను. మెజిస్ట్రేట్ ఒకరు, మేం ఇద్దరం, అందులో కనీసం ఒకరు ఆడవాళ్లు ఉండాలి. చాలామంది మాది కోర్టు అనుకుంటారు. గది కోర్టులా కనిపించకూడదని, ఎత్తు వేదిక ఉండకూడదని రూల్స్‌లోనే ఉంది. మా దగ్గర గుండ్రటి బల్ల, గోడకు ఎవరో విరాళంగా ఇచ్చిన మిక్కీమౌస్ బొమ్మ. పదిహేడేళ్ల మీసాలొచ్చిన కుర్రాళ్లు ఆ మిక్కీమౌస్ కింద కూర్చుని సిగ్గుపడతారు.

దిగులక్క గారూ, కేసు బోర్డుకు వచ్చాక ఏం జరుగుతుందో చెప్తాను. ప్రొబేషన్ ఆఫీసర్ మీ ఇంటికి వచ్చి రిపోర్టు రాస్తారు, రెండు వారాల్లో ఇవ్వాలి. ఇంట్లో ఎవరు సంపాదిస్తారు, తమ్ముడి స్నేహితులెవరు, బడి ఎప్పుడు మానాడు, తాగుడు ఉందా, ఇవన్నీ అడుగుతారు. మన పరువు అని దాచొద్దు. ఆ రిపోర్టులో నిజం ఉంటేనే మాకు ఏదైనా చేయడానికి వీలుంటుంది. "మావాడు బంగారం, సావాసం చెడ్డది" అని ప్రతి అమ్మా చెప్తుంది, నాలుగేళ్లలో చెడ్డ సావాసం అనబడే ఆ పిల్లాడి అమ్మ ఒక్కరు కూడా నాకు కనపడలేదు.

మూడేళ్ల లోపు శిక్షపడే నేరాలు చిన్న నేరాల లెక్క. మొదటిసారి మా ముందు పెట్టిన రోజు నుంచి నాలుగు నెలల్లో తేల్చాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, అప్పటికీ కాకపోతే మూసేయాలి. తప్పు చేశాడని తేలితే మందలించి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, జరిమానా, ప్రొబేషన్, ఆఖరున స్పెషల్ హోమ్ గరిష్ఠంగా మూడేళ్లు. నేను చూసిన బైక్ కేసుల్లో హోమ్‌కు పంపింది చాలా తక్కువ.

పెద్దవాడితో కలిసి చేశాడు కాబట్టి ఎఫ్ఐఆర్ ఉంటుంది, కానీ విచారణ కలిపి జరగదు. ఇంకోటి, సబ్ జైల్లో ఏం జరిగిందో తమ్ముణ్ని మా ముందు చెప్పనివ్వండి. మీరు పక్కన కూర్చుని వాడి బదులు జవాబులు చెప్పొద్దు. అక్కలు ఎక్కువగా చేసే పని అది.

దిగులక్క
మేడమ్, నేను చేసేది అదే. మానేస్తాను.

పల్సర్_పోయినోడు
సమాజ సేవ అంటే? ట్రాఫిక్ దగ్గర ప్లకార్డు పట్టుకుని ఫోటో దిగడమా?

బోర్డులో_ఒకామె
కొన్నిచోట్ల అలాగే ఉంది, మీరన్నది అబద్ధం కాదు. మేం ఒక కుర్రాణ్ని నెల రోజులు ప్రభుత్వ ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోయడానికి పంపాం. మొదటి వారం మొహం మాడ్చుకుని వచ్చాడు. మూడో వారంలో ఓపీ చీటీ క్యూ ఎక్కడుందో మా స్టాఫ్‌కే దారి చూపించాడు.

రిటైర్డ్_హెచ్‌సీ
అందరూ చిన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆ తాళాలు తీసిన 21 ఏళ్లవాణ్ని వదలొద్దు. ఈ గ్యాంగులు కావాలనే మైనర్లను ముందు పెడతాయి, బండి నడిపేది పిల్లాడు, అమ్ముకునేది వీడు. ఏజెన్సీ నుంచి గంజాయి తెచ్చే వాళ్లదీ ఇదే పద్ధతి, కాలేజీ బ్యాగు, మొహం మీద మీసం లేని కుర్రాడు, బస్సులో ఎవరూ అనుమానించరు. దొరికేది ఆ కుర్రాడే.

నల్లకోటు_రావు
అవును, దానికి సెక్షన్లు ఉన్నాయి, వాడటమే తక్కువ. మైనర్‌ని పెట్టి నేరం చేయిస్తే బీఎన్ఎస్ 95 కింద కనీసం మూడేళ్లు, పదేళ్ల వరకు. జువైనల్ చట్టంలో సెక్షన్ 83 కింద ఏడేళ్ల వరకు, ఐదు లక్షల జరిమానా. మత్తుపదార్థాలు మోయిస్తే సెక్షన్ 78. మీ లీగల్ ఎయిడ్ మేడమ్‌తో ఈ మాట అనండి అక్కా. గంజాయి విషయంలో పిల్లలున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు, అప్పుడది ఘోరమైన నేరం కిందకి వెళ్తుంది, 16 దాటినవాడిని పెద్దవాడిలా విచారించే దారి తెరుచుకుంటుంది. "బ్యాగు దింపితే ఐదు వేలు" అన్నవాడు ఈ సంగతి చెప్పడు.

గల్ఫ్_రిటర్న్
నాదో డౌటు. రేపు పోలీసు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో వెరిఫికేషన్ వస్తే ఈ కేసు కనపడదా?

నల్లకోటు_రావు
సెక్షన్ 24 ప్రకారం ఆ కేసు వల్ల ఎలాంటి అనర్హతా రాకూడదు, అప్పీలు గడువు దాటాక రికార్డు కూడా నాశనం చేయాలి. పెద్దవాడిలా విచారించి శిక్ష పడినవి వేరు. మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపించి ఉద్యోగం ఆపకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా అంది. కాగితం మీద ఇది. స్టేషన్ కంప్యూటర్లో ఎంట్రీ మిగిలిపోతే మళ్లీ మన కాళ్లే అరగాలి, అందుకే బోర్డు ఆర్డర్ కాపీ జాగ్రత్తగా పెట్టుకోవాలి.

పాత_పక్షి
నేను దుబాయ్ వెళ్లేటప్పుడు వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ అరగంట కూర్చున్నాడు. నా చెమట చూసి "ఏసీ మెకానిక్‌వి, ఫ్యాన్ కూడా లేదేంట్రా ఇంట్లో" అన్నాడు. కేసు మాటే రాలేదు.

దిగులక్క
అప్‌డేట్ ఆలస్యమైంది, క్షమించండి. మెజిస్ట్రేట్ గారు హెచ్చెమ్ గారిని పిలిపించి రిజిస్టర్ చూశారు. ప్రాసిక్యూషన్ వాళ్లు ఆధార్ చూపించారు, అది వయసుకి రుజువు కాదని మా మేడమ్ సెక్షన్ 94 చదివారు. మైనర్ అని రాసి బోర్డుకు పంపారు. ఒక రాత్రి అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నాడు, మర్నాడు బోర్డు బెయిల్ ఇచ్చింది. అమ్మ ష్యూరిటీ. మొత్తం 11 రోజులు సబ్ జైల్లో ఉన్నాడు. ఆ 11 రోజులు ఎవరి ఖాతాలో రాయాలో ఎవరూ చెప్పలేదు.

బోర్డులో మిక్కీమౌస్ లేదు గానీ ఛోటాభీమ్ ఉన్నాడు. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. వాడు మొత్తం చెప్పాడు, మాకు చెప్పనివి కూడా. మూడో బండి అమ్మాక వాడికి రెండు వేలు ఇచ్చారట, ఆ డబ్బుతోనే పండక్కి అమ్మకి చీర తెచ్చాడు. అమ్మ ఆ చీర కట్టుకునే బోర్డుకు వచ్చింది. అది విన్నాక బయట బెంచీ మీద కూర్చుండిపోయింది.

ఇంటికొచ్చాక వాడు సరిగ్గా తినట్లేదు. తలుపు గడియ చప్పుడైతే లేచి కూర్చుంటున్నాడు. ప్రాక్టికల్స్ మాత్రం రాశాడు. కాలేజీవాళ్లు విడిగా ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. వాట్సాప్ ఫోటో పెట్టినవాడి మీద ఫిర్యాదు ఇద్దామంటే వాడే వద్దంటున్నాడు.

బోర్డులో_ఒకామె
ఆ గడియ చప్పుడు సంగతి ప్రొబేషన్ ఆఫీసర్‌తో చెప్పండి, కౌన్సెలర్‌కి రాయిస్తారు. తగ్గిపోతుందిలే అని ఊరుకోవద్దు.

ఇంటర్_లెక్చరర్
థియరీ పరీక్షలకు ఇంకా టైం ఉంది. మ్యాథ్స్‌లో ఏ చాప్టర్ ఆగిందో అడిగి పెట్టండి, రోజూ రాత్రి ఎనిమిదింటికి నాకు ఖాళీ. డబ్బులేం వద్దు. ఆ ఆఖరి బెంచీ పెట్టినవాళ్లది నా వృత్తే కాబట్టి నాకు సిగ్గుగా ఉంది.

దిగులక్క
ఇంటెగ్రేషన్ అట సార్. మొత్తం.

ఇంటర్_లెక్చరర్
అందరికీ అదే ఆగుతుంది. జైలుతో సంబంధం లేదు.

పల్సర్_పోయినోడు
అక్కా, ఆ మూడు బండ్లవాళ్లకి బండ్లు తిరిగొచ్చాయా?

దిగులక్క
రెండు దొరికాయి, స్టేషన్లోనే ఉన్నాయట. మూడోది అమ్మేశారు. దాని ఓనరు ఎవరో తమ్ముడు కనుక్కున్నాడు, టైలర్. ఎండాకాలం సెలవుల్లో పనికెళ్లి తన వాటా ఇస్తానంటున్నాడు. ఇస్తాడో లేదో నేను మాట ఇవ్వలేను. కేసు నడుస్తుండగా నేరుగా వెళ్లి కలవొద్దని మేడమ్ చెప్పారు, బోర్డు ద్వారానే అడుగుతామన్నారు.

పల్సర్_పోయినోడు
సరే. నేను అన్నవాటిలో ఏదీ వెనక్కి తీసుకోవట్లేదు, కానీ 19 అని రాయడం మాత్రం దారుణం.

రావు గారూ, నా బండి కూడా స్టేషన్ యార్డులోనే ఉంది, వేపచెట్టు కింద, సీటు మీద కాకి రెట్టలు. కేసు అయ్యేదాకా ఇవ్వరా?

నల్లకోటు_రావు
అయ్యేదాకా ఆగితే మీకు ఇనుము మిగులుతుంది. ఆర్సీ, ఇన్సూరెన్స్ పట్టుకెళ్లి కోర్టులో మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయండి. బండి ఫోటోలు తీయించి, బాండ్ రాయించుకుని ఇచ్చేస్తారు. ఇన్ని నెలలు ఎవరూ చెప్పలేదా?

పల్సర్_పోయినోడు
ఎవరు చెప్తారు సార్. మాకూ మైనర్లకిచ్చినట్టు ఒక లాయర్‌ని ఇస్తే బాగుండు.

నల్లకోటు_రావు
ఆదాయ పరిమితి లోపు ఉంటే మీకూ ఇస్తారు. అదే ఆఫీసు, అదే నంబరు.

పల్సర్_పోయినోడు
మూడు వారాల తర్వాత రాస్తున్నా. బండి నిన్న ఇంటికొచ్చింది. బ్యాటరీ లేదు, రెండు అద్దాలూ లేవు, ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. స్టేషన్‌కి వచ్చినప్పటి ఫోటోలో అన్నీ ఉన్నాయి. నాలుగు నెలల నుంచి ఆ మైనర్లు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి వాళ్లని అనడానికి కూడా లేదు. తోసుకుంటూ రెండు కిలోమీటర్లు వచ్చా.

రిటైర్డ్_హెచ్‌సీ
బ్యాటరీ ఏ కంపెనీది? ఊరికే అడుగుతున్నా.